గండికి పోయినవాని కొలువు

వరదనాడు కట్టమీదికి పరుగెత్తిన జీతగాడు తిరిగి వచ్చునప్పటికి వాని పని వానికి ఉండవలెనా, అక్కరలేదా? ఈ మాసపు పాఠమునకు మేము గైకొన్న ప్రశ్న ఇదియే. చూచుటకు చిన్నది. అయినను ఈ ప్రాంతపు సహకార సంఘములలో మేము తిరిగినంత మట్టుకు ఏ మినిట్సు పుస్తకమునందును దీనికి జవాబు వ్రాసియుండగా చూడలేదు. ఎరువుల బస్తాకు లెక్క కలదు. ఖాళీ గోనెసంచికి లెక్క కలదు. గిడ్డంగి తాళపుచెవి ఎవరియొద్ద నుండవలెనో దానికిని తీర్మానము కలదు. గండి పడిన రాత్రి గిడ్డంగి కావలివాడు తాళపుచెవి సెక్రటరీ ఇంట పడవేసి కట్టకు పరుగెత్తినచో వాని జీతపు సంగతి యేమో మాత్రము వ్రాయబడలేదు.

నందివాడ ప్రాంతపు రైతునకు నీటిని గూర్చి మేము చెప్పవలసినది లేదు. బుడమేరు ఎటు పొంగునో, ఏ డ్రెయిను కట్ట ఎచ్చట బలహీనమో, కొల్లేరు నిండినపుడు నీరు వెనుక కెట్లు తన్నునో ఇచ్చటి పిల్లవానికి సహితము తెలియును. 2024 ఆగష్టు 31, సెప్టెంబరు 1 తేదీల వానలకు బుడమేరు మళ్లింపు కాలువ ఎడమగట్టునకు మూడుచోట్ల గండ్లు పడి విజయవాడలో సింగునగరు మునిగిన సంగతియు, ఆ నీరే దిగువకు జారి కొన్ని దినములకు నందివాడ మండలపు పల్లపు గ్రామములమీదికి వచ్చిన సంగతియు ఎవరును మరువలేదు. సైనికుల సాయముతో కడపటి గండి పూడ్చునప్పటికి సెప్టెంబరు 7వ తేదీ ఐనది. అదే వారములో కృష్ణమీద ప్రకాశము బ్యారేజికి 11 లక్షల క్యూసెక్కులకు మించిన వరద వచ్చెను.

ఆ దినములలో మేము చూచిన సంగతి యొకటి చెప్పెదము. పేర్లు చెప్పము, పేర్లతో ఇచ్చట పనిలేదు. ఒక చేపల చెరువుకడ నెలజీతమునకు కావలియున్న యువకుడు దోనె నడుపుటలో నేర్పరి. నీరు ఊరిలోనికి వచ్చిన రాత్రి పెద్దలు వానిని కేకవేసిరి. వాడు పోయెను. నాలుగు దినములు ముసలివాండ్రను, ఒక బాలింతను, పాడిపశువులను దాటించెను. పగలు దోనెపని, రాత్రి డ్రెయిను కట్టమీద ఇసుక బస్తాలు. ఐదవనాటి ఉదయమున ఒంటి బురద కడుగుకొని చెరువుకడకు పోగా అచ్చట మరియొకడు కావలియుండెను. యజమాని నాలుగు దినముల జీతము కోసి, తక్కినది చేతిలో పెట్టి, "ఊరికి పనిచేసితివి గదా, ఊరినే అడుగుము" అనెను.

కథ ఇంతటితో ఆపినచో యజమాని దుర్మార్గుడుగా కనబడును. ఆయన చెప్పుకొన్నది కూడ వినవలెను. చేపల చెరువు నీటిలో కరగియుండు ప్రాణవాయువు తెల్లవారుజామున మిక్కిలి తగ్గును. పగలు ఎండలేక మబ్బుపట్టిన దినముల తరువాత మరింత తగ్గును. ఎండ యున్నపుడే గదా నీటిలోని పచ్చని నాచు ప్రాణవాయువును విడుచునది. అట్టి వేళ చేప పైకి తేలి నోరు తెరచి గుటకలు వేయును. వెంటనే ఏయిరేటర్లు తిప్పవలెను. కరెంటు లేనిచో డీజిలు ఇంజను వేయవలెను. రెండవ రాత్రి కరెంటు పోయినది. ఇంజను వేయుటకు మనిషి లేడు. ఉదయమునకు చేప వెల్లకిల తేలినది. అప్పుచేసి పిల్ల వదలిన రైతునకు అది ఎట్టి ఉదయమో సభ్యులకు వేరుగ చెప్పనేల? కావలివాడు చెప్పకపోయెనని ఆయన. చెప్పబోగా ఫోను పలుకలేదని వీడు. ఇద్దరి మాటయు నిజమే. ఎవరు ఎప్పుడు పోవచ్చును, ఎవరికి చెప్పి పోవలెను, వాని చోట ఎవరు నిలువవలెను అను నియమమేదియు ముందుగా లేనందువలన ఇద్దరును నష్టపడిరి.

"ఇట్టి పనికి ప్రభుత్వపు దళములున్నవి గదా, జీతగాండ్రెందుకు?" అని యడుగువారు కలరు. ఉన్న మాట నిజమే. జాతీయ విపత్తు ప్రతిస్పందన దళము 2006లో ఏర్పడినది. దాని పదవ బెటాలియను గన్నవరము చేరువ కొండపావులూరిలోనే యున్నది. వారు మిక్కిలి సమర్థులు. కాని నీరు ఒక్క యూరికి వచ్చి ఊరకుండదు. ఒకే రాత్రి పది యూళ్లకు వచ్చును. పడవ వచ్చువరకు గడచు గంటలు ఊరివారివే. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరును ముంచిన ఉప్పెనలో సుమారు 30,000 మంది పోయిరి. 1977 నవంబరు 19న దివిసీమలో సుమారు 10,000 మంది పోయిరి. దివిసీమ ఉప్పెన నాటికి పుట్టియున్న వృద్ధుల నడుగుడు: చెట్లు పడి దారులు మూసికొనిపోగా, బ్రతికినవారికి మొదట నీళ్లిచ్చినది ఎవరని. పొరుగూరివారే యని చెప్పుదురు.

మేము చదివిన మిషను పాఠశాలలో, దోవప్రక్క దెబ్బలుతిని పడియున్నవానిని సత్రమునకు చేర్చి, సత్రపువానికి సొమ్మిచ్చిపోయిన బాటసారి కథ యొకటి ప్రతి సంవత్సరమును చెప్పెడివారు. మంచి కథ. అయితే ఆ బాటసారికి సొంత వాహనము, చేతిలో రొక్కము కలవు. వాడు ఎవరి మస్తరులోను సంతకము పెట్టవలసినవాడు కాడు. మస్తరులో పేరున్నవాడు అట్లాగినచో ఏమగునో ఆ కథ చెప్పదు.

చట్టములలో నున్నదెంత?

సేవకు పోయినవాని ఉద్యోగమును కాపాడుట మన దేశపు చట్టములకు క్రొత్త మాట కాదు. 1948 నాటి ప్రాదేశిక సైన్యపు చట్టము చూడుడు. తమ తమ ఉద్యోగములు చేసికొనుచు, పిలిచినపుడు సైన్యసేవకు పోవువారికొరకు ఏర్పడిన చట్టమది. పిదప దానియందు 7-ఏ యను సెక్షను చేర్చిరి. దానిప్రకారము, పిలుపుమీద పోయినవాడు తిరిగి వచ్చినపుడు పూర్వమున్నదానికంటె తక్కువ గాని షరతులతో వానిని మరల పనిలో చేర్చుకొనుట యజమాని విధి. వీలుపడదని యజమాని యన్నచో తగవు నియమితాధికారి యొద్దకు పోవును. ఆయన యజమానికి మినహాయింపు నీయవచ్చును. చేర్చుకొమ్మని ఉత్తరువు చేయవచ్చును. లేదా ఆరునెలల జీతమునకు మించని పరిహార మిమ్మనవచ్చును. ఉత్తరువు మీరినవానికి వేయి రూపాయల వరకు జుల్మానా, దానిపై ఆరునెలల జీతపు మొత్తము. పిలుపు వచ్చెనని తెలిసి, వాడు పోకముందే పనినుండి తొలగించి తప్పించుకొనజూచిన యజమానికి సయితము ఆ విధి తప్పదు. ఈ వాక్యము వ్రాసినవారు యజమానుల ఉపాయములను బాగుగ నెరిగినవారై యుందురు.

సభ్యులందరికి అనుభవములోనున్న ఇంకొక దృష్టాంతము ఓటు దినము. 1951 నాటి ప్రజా ప్రాతినిధ్య చట్టమునందు 1996లో చేర్చిన 135-బి సెక్షను ననుసరించి, పోలింగునాడు ఓటుహక్కు గల పనివానికి సెలవు నీయవలెను. ఆ దినపు జీతము కోయరాదు. మీరిన యజమానికి జుల్మానా కలదు. అయితే, ఎవని గైర్హాజరువలన పనియందు అపాయము గాని గొప్ప నష్టము గాని కలుగునో వానికి ఈ నియమము వర్తింపదు. ఆ మినహాయింపును గుర్తుంచుకొనవలెనని సభ్యులను కోరుచున్నాము. చేపల చెరువు ఇంజను సంగతి అందులోనికే వచ్చును.

ఇక విపత్తుల చట్టములకు వత్తము. 1968 నాటి పౌరరక్షణ చట్టమునకు విపత్తు నిర్వహణను కూడ చేర్చుచు చేసిన సవరణ 2010లో అమలునకు వచ్చినది. ఆ దళములో సభ్యుడై, పిలిచినపుడు తగిన కారణము లేక రానివానికి జుల్మానా విధింపవచ్చును. జనుల నిత్యవృత్తులకు సాధ్యమైనంత తక్కువ భంగము కలిగింపవలెనని కూడ ఆ చట్టము చెప్పుచున్నది, మంచి మాటయే. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టము 65వ సెక్షను రక్షణపనులకై ఇండ్లను, వాహనములను, ఇతర వనరులను ప్రభుత్వము గైకొనుట కధికార మిచ్చినది. 66వ సెక్షనులో పరిహారపు లెక్క యున్నది: ఇంటికి ఆ ప్రాంతపు అద్దెను, వాహనమునకు ఆ ప్రాంతపు బాడుగను చూచి నిర్ణయింపవలెను. అనగా ట్రాక్టరును పంపినవాడు బాడుగ అడుగుటకు దారి కలదు. ఆ ట్రాక్టరును నడిపినవాడు తన మిల్లు ఉద్యోగము పోయెనని వచ్చినచో, చూపుటకు అంత స్పష్టమైన వాక్యము ఆ సెక్షనులో లేదు.

కేంద్ర ప్రభుత్వోద్యోగులలో హోంగార్డులుగను పౌరరక్షణ సభ్యులుగను చేరినవారికి ప్రత్యేక ఆకస్మిక సెలవు దొరకు ఏర్పాటు కలదు. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థవారు 2016లో ప్రారంభించిన 'ఆపద మిత్ర' పథకము క్రింద గ్రామ యువకులకు పండ్రెండు దినముల శిక్షణ నిచ్చుచు వచ్చిరి. 2021లో దానిని 350 జిల్లాలకు, లక్షమంది స్వచ్ఛంద సేవకులకు విస్తరింప సంకల్పించిరి. శిక్షణతోపాటు సామగ్రి సంచియు, కొంతకాలము భీమాయు అందులో చేరియున్నవి. ఇది మెచ్చదగినది. భీమా దేహమునకు రక్ష. కొలువునకు రక్ష కాదు. రైసుమిల్లు గుమాస్తా, ఐసు ఫ్యాక్టరీ కూలి, పాలకేంద్రమున తూకము వేయువాడు, చెరువు కావలివాడు — వీరు వరద సాయమునకు పోయినపుడు, పైన చెప్పిన సైన్యపు చట్టమువలె యజమానిని గట్టిగ కట్టివేయు నియమము పల్లెకు అందలేదు.

పరదేశముల పద్ధతులు

ఇతర దేశములలో దీనిని మూడు విధములుగా పరిష్కరించిరి. మన జిల్లా పిల్లలనేకులు ఉద్యోగములు చేయుచున్న ఆస్ట్రేలియాలో కార్చిచ్చులకును వరదలకును స్వచ్ఛంద దళములే మొదటి దిక్కు. అచ్చటి 2009 నాటి ఉద్యోగ చట్టము ప్రకారము గుర్తింపబడిన దళములో సభ్యుడైనవాడు పిలుపుమీద పోవచ్చును. పోయినందుకు వానిని తొలగింపరాదు. ఆ కాలమునకు జీతము నిచ్చుట చట్టరీత్యా యజమాని విధి కాదు. వాడు వీలైనంత త్వరలో యజమానికి తెలుపవలెను. పోయిన పిమ్మట తెలిపినను చెల్లును. యజమాని అడిగినచో రుజువు చూపవలెను. పనికాలముతోపాటు రాకపోకల కాలమును, పిమ్మట విశ్రాంతి కాలమును కూడ అందులో చేర్చిరి. ఈ కడపటి మాట మాకు మిక్కిలి నచ్చినది. రాత్రియంతయు బస్తాలు మోసినవానిని ఉదయమున నూర్పిడి యంత్రముకడ నిలిపినచో వాని చేయి పోవును.

జర్మనీలో సాంకేతిక సహాయ దళమని యొకటి కలదు. అందు పనిచేయువారు దాదాపుగా అందరును స్వచ్ఛంద సేవకులే. వారు పిలుపుమీద పోయిన కాలమునకు యజమాని జీతము యథాప్రకారముగ చెల్లించును. ప్రైవేటు యజమాని అర్జీ పెట్టుకొనినచో ఆ సొమ్ము ప్రభుత్వము వానికి తిరిగి ఇచ్చును. ఫ్రాన్సులో స్వచ్ఛంద అగ్నిమాపకులను గూర్చి 1996 మే 3వ తేదీన చట్టము చేసిరి. అగ్నిమాపక శాఖయు యజమానియు ముందుగనే కూర్చుండి, మనిషి ఎప్పుడు పోవచ్చును, ఎప్పుడు పోరాదు అని ఒడంబడిక వ్రాసికొనవచ్చును. పని నిలిచిపోవునను తగిన కారణము చూపి యజమాని కాదనవచ్చును. కాని సేవకు పోయెనను కారణముమీద మాత్రము వానిని తొలగింపరాదు, దిగజార్చరాదు.

ఒకచోట కొలువు కాచిరి, జీతము విడిచిరి. ఒకచోట జీతము కూడ నిచ్చి, భారము ప్రభుత్వమే మోసినది. ఒకచోట ఒడంబడికకు ప్రాముఖ్య మిచ్చిరి. మన స్థితికి మూడవదియే ముందు పనికివచ్చునని మా తలంపు. చట్టము చేయుట ఢిల్లీ, అమరావతుల పని. ఒడంబడిక వ్రాసికొనుటకు ఎవరి సెలవును అక్కరలేదు.

సంఘము చేయదగినది

సహకార సంఘము ఋణమిచ్చు సంస్థ యని మాత్రమే మనము తలచుచుందుము. సంఘము యజమాని కూడను. సెక్రటరీ, గుమాస్తా, అటెండరు, గిడ్డంగి కావలివాడు, పాలకేంద్రపు మనుష్యులు — వీరందరు సంఘపు జీతగాండ్రే. ఇతరుల మిల్లులకు నీతులు చెప్పకముందు మన సంఘము తన సిబ్బంది విషయములో నియమము చేసికొనవలెను. పాలకవర్గము తీర్మానము చేసినచో మొదలగును. సిబ్బంది నిబంధనలకు శాఖవారి ఆమోదము వలసిన సంఘములు ఆ ఆమోదమునకు వ్రాసికొనవలెను. బైలాలలోనే చేర్పదలచినచో 1964 సహకార సంఘముల చట్టము 16వ సెక్షనును అనుసరించి మహాజన సభలో సవరణ చేసి రిజిష్ట్రారువారిచే రిజిష్టరు చేయింపవలెను. ఆలస్యమగునని మానరాదు, ముందు తీర్మానము చేసి తరువాత సవరణకు పోవచ్చును.

ఖర్చును గూర్చి సందేహపడువారికి ఒక లెక్క. ఉదాహరణకు సంఘములో 500 మంది సభ్యులు, అయిదుగురు జీతగాండ్రు కలరనుకొందము. ఒక వరదలో ఇద్దరు అయిదేసి దినములు పోయిరి: మొత్తము పది దినములు. దినమునకు 500 రూపాయల చొప్పున 5,000 రూపాయలు. సభ్యుని తలకు పది రూపాయలు. యూరియా బస్తా దింపుకూలికి ఇంతకంటె ఎక్కువ పోట్లాడుచుందుము.

తీర్మానములో నుండవలసిన మాటలు మాకు తోచినవి ఈ విధముగ నున్నవి. సంఘములు తమ తమ స్థితిని బట్టి మార్చుకొనవచ్చును.

"ఈ సంఘపు సిబ్బందిలో వరద, తుపాను, అగ్నిప్రమాదముల రక్షణపనికి సమ్మతించినవారి పేర్లు ప్రతి సంవత్సరము జూను మాసములోపల పట్టీలో వ్రాయబడును. ఈత, పడవ, ప్రథమ చికిత్సలలో శిక్షణ పొందినవారికే ఇందు చోటు. తహశీల్దారు గాని, అధికారముగల వేరొక యుద్యోగి గాని, అత్యవసరమైనచో గ్రామ సర్పంచి గాని పిలిచినపుడు వారు పోవచ్చును. పోవునపుడు వీలైనచో స్వయముగ, లేనిచో ఇంటివారి ద్వారా కబురు పంపవలెను. కబురు ఆలస్యమైనంత మాత్రమున దోషముగ గణింపరాదు. వచ్చిన తరువాత పిలిచినవారి సంతకముతో చీటి చూపవలెను. ఆ కాలమును, దానిపై ఒక దినపు విశ్రాంతిని నాగాగా లెక్కింపరాదు; జీతము కోయరాదు; అందుకై పనినుండి తొలగింపరాదు, పదోన్నతికి వెనుకబెట్టరాదు. ఎవడు లేనిచో సంఘపు సొత్తునకు గాని పాలు మొదలగు చెడిపోవు సరుకులకు గాని గొప్ప నష్టము కలుగునో, వానికి బదులుగ నిలుచు మనిషి పేరు పట్టీలోనే ఎదురుగ వ్రాయవలెను. బదులు మనిషి వచ్చి నిలిచినగాని మొదటివాడు కదలరాదు."

ఈత నేర్వనివానిని, దేహదార్ఢ్యము లేనివానిని ఉత్సాహముతో పట్టీలో చేర్చుట పాపము. వరదలో మునిగినవారిని తీయబోయి తాము మునిగినవారి కథలు ప్రతి యూర కలవు. మోకు, లైఫు జాకెట్టు, టార్చిలైటు సంఘపు గిడ్డంగిలో ఎరువుల ప్రక్కనే ఉంచవలెను. వానినైనను ఏడాదికొకసారి ఎలుకలు కొరికినవో లేదో చూచుచుండవలెను.

ఇంక సభ్యులలో చాలమంది సొంతముగ యజమానులు. పాలేరును సంవత్సరపు జీతమునకు పెట్టుకొన్న రైతు, నాగాలకు బదులు దినములు చేయించుకొనుట ఈ ప్రాంతములో పూర్వమునుండి వచ్చు ఆచారము. పెండ్లికి పోయిన నాగాను, గండికి పోయిన నాగాను ఒకే లెక్కలో వేయుట న్యాయమా? తన పొలము, పొరుగువాని పొలము మునుగకుండ కట్ట నిలిపినవాడే ఆ పాలేరు. దినకూలి విషయము మరింత కష్టము. వానికి తొలగింపవలసిన ఉద్యోగమే లేదు. కట్టమీద నిలిచిన దినము వాని ఇంట పొయ్యి వెలుగని దినము. దీనికి నియమముకంటె నిధి యవసరము. గండి పూడ్చు కూలికి ఆయకట్టు రైతులు ఎకరమునకు ఇంతయని ముందుగ వేసికొని, సంఘములో ప్రత్యేక ఖాతాగా నుంచినచో సరిపోవును. వరద దిగిన తరువాత చందా వసూలు చేయబోయినచో ఏమగునో ఆ పనికి తిరిగినవారి నడుగుడు.

చేపల చెరువులవారును, రొయ్యల చెరువులవారును ఈ ముసాయిదాను విడిచి తమకు తగినట్లు వేరుగ వ్రాసికొనుట మంచిది. నాలుగు చెరువులవారు కలిసి ఒక బదులు కావలివానిని పెట్టుకొనినచో, ఒక్కొక్కరిమీద పడు భారము స్వల్పము. ఇంజను వేయుట ఇంటిలో మరియొకరు కూడ నేర్చియుండవలెను. రాత్రి రెండు గంటలకు ఇంజను హ్యాండిలు తిప్పుట పుస్తకమునందు నేర్చు విద్య కాదు. పొడిదినములలో నాలుగుమార్లు తిప్పించి చూడవలెను.

ఈ ముసాయిదాను అచ్చునకు పంపక పూర్వము, మొదట చెప్పిన చెరువు యజమానికి చదివి వినిపించితిమి. ఆయన జీతపు మాటవద్ద ఏమియు అనలేదు. బదులు మనిషిని గూర్చిన వాక్యమును రెండుమార్లు చదివించుకొని, "ఆ బదులువాని ఫోను నంబరు కూడ పట్టీలో వేయించుడు, ఫోను పలుకకపోయిన ఎవరి ఇంటికి పరుగెత్తవలెనో ఆ ఇంటి గుర్తు కూడ వేయించుడు" అనెను. ఆ రెండు మాటలను సంఘములవారు తమ ప్రతిలో చేర్చుకొనవలెను. ఆ యువకుడు ఇప్పుడు వేరొక చెరువుకడ కావలియున్నాడు. ఈ సంవత్సరపు పట్టీలో తన పేరు వ్రాయుటకు అతడు సమ్మతించెను, అయితే క్రొత్త యజమాని సంతకము ముందు తెచ్చుకొందునని చెప్పెను.